వెంట్రుకవాసి

డబ్బో ఊళ్ళో ఆగస్టు చలి.
నా గదిలో హీటర్ ఒక మూలకే కాగుతుంది,
అందుకే మంచాన్ని ఆ మూలకి జరిపాను.
దాని మీద డార్సీ హెన్నెసీ.
అరవై ఒకటి. నలభై మూడేళ్ళుగా
గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్న మనిషి.
మోకాలు పనసకాయంత వాచిందని రాస్తే అబద్ధం,
బత్తాయికీ పంపరపనసకీ మధ్య ఎక్కడో ఉంది.

పొట్టేలు తన్నిందట, బయటివైపు నుంచి.
పాదం నేలకి నాటుకునే ఉంది,
మోకాలొక్కటే లోపలికి ఒరిగింది.
"తడి దుప్పటి చింపినట్టు చప్పుడొచ్చింది" అన్నాడు.
చప్పుడు ఇంకెవరిదో అయినట్టు నవ్వాడు.

ముప్పై డిగ్రీలు వంచాను.
ఒక చెయ్యి మోకాలి బయట, ఇంకోటి చీలమండ దగ్గర.
మెల్లగా నెట్టాను.
తలుపు తెరుచుకుంది.
తెరుచుకుని, ఒకచోట మెత్తగా ఆగింది.
ఆ ఆగడం కోసమే నేను వెతుకుతున్నది:
కొన్ని పోగులు ఇంకా పట్టుకునే ఉన్నాయి.
కాలు చాపించి మళ్ళీ నెట్టాను. కదల్లేదు.
నేను ఊపిరి వదిలాను,
అతను ఇంకా బిగబట్టే ఉన్నాడు.

మోకాలికి రెండు పక్కలా ఇద్దరు కాపలా.
బయటివాడు సన్నం, పలుపుతాడులా గుండ్రం.
లోపలివాడు నవారు పట్టీ, వెడల్పుగా పరుచుకుని ఉంటాడు.
వీడికి నెత్తురు బాగా అందుతుంది,
కత్తి పెట్టకుండానే చాలాసార్లు అతుక్కుంటాడు,
మనం ఓపిక పడితే.

"ఆరు వారాలు బ్రేస్" అన్నాను.
"మూడు వారాల్లో షెడ్లు మొదలు" అన్నాడు.
ట్రాంగీ అవతల నాలుగు వేల గొర్రెలు.
నేను మోకాలడ్డుతున్నానన్నట్టు చూశాడు.
మా భాషలో దాన్ని అచ్చం అలాగే అంటారని చెప్పబోయి
ఊరుకున్నాను.

నాలుగో వారానికి బ్రేస్ కీలు తొంభై దాకా వదిలాను.
గోడని చూస్తూ సైకిల్ తొక్కుతున్నాడు.
టోపీ తీసి చెమట తుడుచుకుంటే
తల గుడ్డు పెంకులా మెరిసింది.
ఇక ఆగలేక చెప్పేశాను:
పొంతన లేని మాట ఎవరైనా మాట్లాడితే
మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టాడంటాం మేము.
తొక్కడం ఆపి ఆలోచించాడు.
"గొర్రెని కూచోబెట్టాక దాని తల ఇక్కడుంటుంది"
రెండు మోకాళ్ళ మధ్య ఖాళీ చూపించాడు.
"బొచ్చు తీశాక నున్నటి గుండే కదా. ముడి నేనే.
గట్టిగా నొక్కితే గిలగిల్లాడుతుంది,
వదిలితే కత్తెర చర్మంలో దిగుతుంది.
మధ్యలో ఒక బరువుంది.
అది చేతులకి తెలీదు. దీనికి తెలుసు."
రోజూ నా వేలు నొక్కి చూసే చోటే
అతని వేలూ ఆగింది.

మోకాళ్ళ మధ్య దిండు నొక్కమంటుంది నేను చదివిన చదువు.
మర్నాడు అతను ఉన్నిమూట తెచ్చుకున్నాడు.
గదంతా గొర్రె వాసన.
తర్వాత వచ్చిన నెట్‌బాల్ పిల్ల కిటికీ తీసింది.

తొమ్మిదో వారం. మళ్ళీ ముప్పై డిగ్రీలు.
రెండో కాలితో పోల్చి చూశాను.
వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకుంటోంది.
అది ఇక అలాగే ఉంటుందన్నాను.
అతుకుకి పట్టు ఉంటుంది, అతుకు పట్టు కాదు.
"ఎవరి వెంట్రుక?" అన్నాడు.
"నాదైతే లేనట్టే లెక్క."

శనివారం షెడ్డుకి వెళ్ళాను, చూద్దామని.
ఒకే ఒక్క ముసలి గొర్రెని కోశాడు, గాటు పడకుండా.
మెషిన్ కొక్కేనికి తగిలించి
మిగతావి కుర్రాడు బ్రైస్‌కి వదిలేశాడు.
ఎందుకని నేనడగలేదు.

గొర్రెకి మోకాలెక్కడో చెప్పమన్నాడు.
వెనక కాలి మధ్యలో చూపించాను, ధీమాగా.
షెడ్డంతా నవ్వింది.
అది మడమట. మోకాలు ఇంకా పైన,
పొట్ట పక్కన, ఇన్నాళ్ళూ ఉన్ని కింద.
వెచ్చగా ఉంది. నా వేళ్ళు వాటంతటవే
లోపలివైపుకి జారాయి.
ఉంది, నవారు పట్టీ.
నెట్టి చూసేలోపు
గొర్రె విదిలించుకుని పోయింది.