ఆరు చోట్ల ఒక నంబరు

కావలి ట్రంకు రోడ్డులో
జెరాక్సు కొట్టు పైన రేకుల గది నాది.
నా దగ్గరున్నది ఒకటే అచ్చు.
మాల్యాద్రి కోసం చేసింది.
రొయ్యల గుంటల్లో ఏరేటర్లు ఆగిపోతే
మోటారు విప్పి రాగి తీగ చుట్టే మాల్యాద్రి.
పైన నీలం పట్టీ, కింద మూడు గళ్ళు,
ఆ కింద "మా గురించి",
అట్టడుగున నొక్కితే మోగే ఫోను బొమ్మ.
పన్నెండు రాత్రులు పట్టింది.
సగం డబ్బులిచ్చాడు,
మిగతా సగానికి నా ఫ్యాను బాగుచేశాడు.

మళ్ళీ పన్నెండు రాత్రులు ఎవరికీ పెట్టలేదు.
పెళ్ళికేసిన షామియానానే
పెద్దకర్మకీ వేస్తారు గదా.
గుంజలవే, గుడ్డ అదే,
కింద కూర్చున్నోళ్ళ ముఖాలే వేరు.
నీలం తీసి పచ్చ పూస్తే
ఉదయగిరి గౌసియా చెక్క గరిటెలు.
పచ్చ తీసి తెలుపు పూస్తే
జువ్వలదిన్నె ఐసు ఫ్యాక్టరీ.
మోటారున్న గడిలో గరిటె,
గరిటె ఉన్న గడిలో ఐసు దిమ్మ,
దిమ్మ కరిగిన చోట
బిట్రగుంట ట్యూషను పిల్లలు.

"మా గురించి" దగ్గర అందరూ ఆగిపోతారు.
ఏముందయ్యా రాయడానికి, గరిటెలు చేస్తాం.
అంతకు ముందు?
అంతకు ముందు మా నాయన చేసేవాడు.
నేనే రాసేవాణ్ణి: నాణ్యత, నమ్మకం, సేవ.
పద్నాలుగు మందికీ అవే మూడు మాటలు.
గౌసియా రెండుసార్లు చదివి
"ఇది మేమేనా?" అనింది.

మాల్యాద్రి పోయిన సంగతి
నాకు నెల తర్వాత తెలిసింది.

ఐసు ఫ్యాక్టరీ ఆయన ఒకరోజు అడిగాడు,
"ఎవరో ఆడమనిషి మా ఆర్డర్లు మాకే చెప్తా ఉంది,
నువ్వు పెట్టిన మనిషేనా?"

తెరిచి చూశాను.
కంటికి కనపడే నంబరు వాళ్ళది.
వేలు పెట్టి నొక్కితే పోయేది మాల్యాద్రికి.
పద్నాలుగు కొట్లలోనూ అంతే.
అద్దె సామాన్ల గిన్నెల అంచు మీద
ఎప్పుడో పోయినాయన పేరు
చుక్కలు చుక్కలుగా మిగిలుంటుందే, అట్లా.

ముసునూరు పోయి తలుపు తట్టాను.
తిరుపాలమ్మ ఒక నోటుపుస్తకం తెచ్చింది.
సగం దాకా మాల్యాద్రి రాత:
రెండు హెచ్‌పీ, చుట్లు నలభై ఆరు.
ఆ తర్వాత ఆమె రాత:
ఐసు ఇరవై దిమ్మలు, తెల్లారి నాలుక్కి.
గరిటెలు ఆరు, బొక్కలున్నవి.
లెక్కల సారు ఉన్నాడా అన్నారు, ఉన్నాడన్నా.

"తప్పయిపోయిందమ్మా, తీసేస్తా."

"తీసేయబాక.
రీచార్జి మాత్రం వాళ్ళ చేత కట్టించు.
ఆ ట్యూషనోళ్ళది తీసెయ్,
రాత్రి పదకొండుకి కూడా చేస్తారు."

గరిటెల గురించి అడిగితే ఏం చెప్తావన్నా.
"నేనూ ఒకటి తెప్పించుకున్నా.
ఏడాది నుంచి చేపల పులుసు దాంతోనే తిప్పతా ఉండా,
పిడి వదులు కాలేదని చెప్తా.
ఉన్నదే గదా."

ఆ రాత్రి గౌసియా పేజీలో
నాణ్యత, నమ్మకం, సేవ కొట్టేసి
ఆ రెండు ముక్కలూ పెట్టాను.
అచ్చులో ఆ గడి ఒక్కటీ
ఇక ఖాళీగానే ఉంచుతున్నా.

ఇవాళ కందుకూరు నుంచి ఒకాయన వచ్చాడు,
బావుల్లో పూడిక తీసే పని.
అచ్చుకి ఇంకో నకలు తీశాను,
పాత నంబరు వెతికాను.
ఆరు చోట్ల దొరికింది.
అయిదు మార్చి, ఆరో దాని దగ్గర ఆగి
ఆయన్ని అడిగాను:
"ఫోనొస్తే ఎత్తగలవా?"
"బావిలో ఉంటే ఎట్టబ్బా?"

"అయితే ఎత్తే మనిషుంది," అన్నాను,
"నెలకి యాభై."