తోడు

రాయపురం ఆస్పత్రి వెనక గది.
ఏసీ నీళ్లు బకెట్లో పడుతున్నాయి.
నమూనా నాలుగొందల పదిహేడు:
ఐసీయూ, మూత్రం, వయసు యాభై మూడు.
పేరు మాదాకా రాదు.

యాభై లక్షల అక్షరాలు, నాలుగే రకాలు.
మన గుణింతం ముందు ఏపాటి భాష!
అయినా మందులన్నిటికీ జవాబు రాసిపెట్టుకుంది.

చదివే ప్రోగ్రాం ఉచితం.
రాసినవాళ్లెవరో, ఏ ఊళ్లోనో.
నూట పన్నెండో లైను పక్కన ఒక గమనిక:
"ఎందుకు పనిచేస్తోందో తెలీదు, కదపకండి."
కదిపాను.
మా ప్లాస్మిడ్లు రెండు దానికి కనబడటం లేదు మరి.
సరిచేసి మళ్లీ అక్కడే పెట్టాను,
ఇంకెవరి రాత్రికైనా పనికొస్తుందని.

ఈ క్రిములూ అంతే.
పక్కదానికి ఆనుకుని
బతికే కిటుకు చేతిలో పెట్టేస్తాయి.
జాతి అడగవు, పైసా అడగవు.

తెల్లారుజామున రిపోర్టు.
ఒక్క మందు మిగిలింది,
పాతది, కిడ్నీలకు చెడ్డది.
డాక్టర్ ఇళవరసి ఫోన్లో కాసేపు మాట్లాడలేదు.

ఇంటికొస్తే ఎదురు వాటా పొర్కొడి
గిన్నెతో గుమ్మంలో ఉంది.
వాళ్ల భాషలో ఉరమోరు, మనకి తోడు.
ఒక చెంచా వేశాను.
ఎన్ని కోట్లు వెళ్లాయో
ఇద్దరం లెక్కపెట్టలేదు.