చి.ల.సౌ. ఎక్కడ పెట్టాలె

యాభై కార్డులు చాలన్నరు.
జడ్చర్ల మందుల కంపెనీల నైట్ డ్యూటీ దిగి
నిద్ర కండ్లతోనే వచ్చిన్రు ఇద్దరు.
క్లాక్ టవర్ సందుల మా ప్రెస్సు షట్టరు
అప్పుడే సగం లేచింది.

ఒకాయన ఎల్లేషు, దేవరకద్ర దిక్కు.
ఇంకొకాయన నందీశ్వరు, మక్తల్ మాట.
కాయిదం మీద రాసుకొచ్చిన్రు:
ఆదివారం మధ్యాహ్నం, కిరాయింటి డాబా మీద
మా ఇద్దరి జత కూడిన భోజనం,
మీరొస్తే మాకదే అక్షింత.

పదకొండేండ్ల సంది లగ్నపత్రికలు కొట్టే చేతులు నావి.
కండ్లు మూసుకొని కొడ్త.
ఎడమకు చి., కుడికి చి.ల.సౌ., నడుమ పూలతీగ.
ఆ పొద్దు కర్సరు ఆగి మిణుకుమిణుకుమన్నది.
చి.ల.సౌ. ఎవరికి పెట్టాలె?
అడిగితే నందీశ్వరు నవ్విండు.
"ఇద్దరికీ చిరంజీవే పెట్టక్కా,
బతికుంటే అదే పదివేలు."

పెట్టిన.
ఎల్లేషు పేరు పొట్టిది, రెండు పాయింట్లు పెంచిన.

అప్పుడొచ్చిండు విరూపాక్షప్ప సేటు.
అగర్బత్తి మూడు చుట్లు తిప్పి
నా స్క్రీను దిక్కు చూసిండు.
గొంతు లేపలే. మంచోడే,
మా అమ్మ కంటి ఆపరేషనుకు అడ్వాన్సిచ్చినోడు.
"మీ ఇష్టం మీది బాబూ, నా నమ్మకం నాది.
గణపతి కింద ఈ పేర్లు అచ్చెయ్యలేను.
నా ధర్మం నేను కాపాడుకునే హక్కు నాకూ ఉన్నది గద."
"గణపతిని తీసెయ్యుండ్రి," అన్నడు ఎల్లేషు.
"తీసేసినా ఆయన చూస్తనే ఉంటడు."

గదే గణపతి చూస్తుండంగ
వైన్‌షాపు ఓపెనింగు పాంప్లెట్లు కొట్టినం,
వడ్డీ వ్యాపారి రశీదు బుక్కులు కొట్టినం,
అరవై ఏండ్లాయన మూడో పెండ్లికి
బంగారు రేకు కార్డు కొట్టినం.
పిల్లకు పద్దెనిమిది నిండినయా అని
అడిగినోళ్ళు లేరు.
786 వేసినం, సిలువేసినం, కందూరు దావత్ పిలుపులేసినం.
ఏ దేవుడూ మిషను ఆపలే.

ఎల్లేషు జేబుల నుంచి ఆధారు తీసి
"జిరాక్సన్న ఇస్తరా?" అన్నడు.
ఇచ్చినం. ముందూ ఎనకా. నాలుగు రూపాయలు.
జిరాక్సుకు ఏ ధర్మమూ అడ్డం రాలే.

గ్రూప్ ఫోర్‌కు రెండుసార్లు చదివిన, రెండుసార్లూ పోయింది.
పదిహేనో అధికరణం మాత్రం పోలే బుర్రల నుంచి:
దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లు.
ఇరవై అయిదోది గూడ యాదికున్నది, అంతరాత్మ స్వేచ్ఛ.
పదిహేను కంటే ఇరవై అయిదు పెద్దదని
లెక్కల పుస్తకంల తప్ప ఎక్కడా చదవలే.
పదిహేనుల వీళ్ళ పేరు లేదంటరు వకీళ్ళు.
మా పేరైతే ఉండె.
ఉండంగనే

మా తాత అచ్చంపేట హోటల్ల
చాయ్ తాగి, గ్లాసు తనే కడిగి
చూరుల చెక్కి వచ్చేటోడు.
ఆ హోటలాయన గూడ గొంతు లేపేటోడు కాదట.
"మా ఇంటి దేవుడు ఒప్పుకోడు పెద్దయ్యా" అని
చక్కెర ఒక చెంచా ఎక్కువేసేటోడట.
గా తీపి తాతకు సచ్చేదాక అరగలే.

ఇదంత ఆ పొద్దు నేను అన్ననా?
అనలే.
జీతం ఎనిమిది వేల అయిదొందలు.
అమ్మకు ఇంకో కన్ను బాకీ ఉన్నది.
గ్లాసు కడిగే చెయ్యి ఒకటుంటది,
పక్క బల్ల మీద కూసోని
తన చాయ్ తను ఊదుకునే నోరు ఒకటుంటది.
మౌసు పట్టుకొని తల వంచుకున్న.

మెట్లు దిగంగ నందీశ్వరు చెప్పు తెగింది.
ఎల్లేషు తనదొకటి విడిచిచ్చిండు.
ఒక్కో కాలు కాలుతుంటే
ఎగురుకుంట, నవ్వుకుంట పోయిన్రు ఎండల.

ఫైలు తీసెయ్యమన్నడు సేటు.
తీసేసిన. చెత్తబుట్టల ఉన్నది.
షట్టరు దించే ముందు ఆ బుట్ట
ఖాళీ చేసుడు రోజూ నా పనే.
వాళ్ళ ఆదివారం గూడ అయిపాయె,
డాబా మీద ఎందరు తిన్నరో.
నేనైతే
రోజూ యాది మరుస్తనే ఉన్న.