ఆరో సీసా

ఆగస్టు రెండోవారం.
కాయలు గలగలమనాల్సిన వేళకి
వాన గలగలమంది.

త్సేసిస్ అవతల, లాత్వియా పల్లెలో, మా పెరట్లో
నాలుగు సాళ్ళ బూడిదరంగు బఠాణీలు.
జూన్‌లో ఊదాపూలు పూసి
పుల్లల మీదికి ఎగబాకి
ఒకదాని మెడ ఒకటి పట్టుకుని
ఇప్పుడు అన్నీ కలిసి బురదలోకి ఒరిగాయి.
కింది కాయలు తోలులా ఎండాయి,
పై కాయలింకా పాలు తాగుతున్నాయి.

"ఇంకో వారం ఆగు, స్కైద్రీతే" అన్నాడు ఇమాంట్స్.
ఆయనకి అన్నీ ఇంకో వారమే.
కంచెకి మేకు. పుచ్చిన దవడపన్ను.
తమ్ముడు గున్వాల్డిస్‌తో మాట కలపడం.

నేను ఆగలేదు.
తడిసిన గింజ కాయలోనే మొలకేస్తుంది,
మొలకేసింది దాపుకి రాదు.
మోకాళ్ళ బూట్లు తొడుక్కుని
తీగల్ని వేళ్ళతో సహా పీకి
కట్టకట్టా చంకనెత్తుకుని
ఆవిరిస్నానాల గదికి మోశాను.
బర్చ్ మండలు వేలాడే మేకులన్నీ
బఠాణీలకే ఇచ్చేశాను, తలకిందులుగా.
పొయ్యి సన్నగా రాజేసి
కిటికీ జానెడు తెరిచాను.
కాస్త వెచ్చన, బోలెడు గాలి.
వెచ్చన ఎక్కువైతే తొక్క పగులుతుంది,
గాలి తక్కువైతే బూజు,
అర్ధరాత్రి కూడా లేచి ముక్కుతో చూసుకోవాలి.

రెండు శనివారాలు స్నానం లేదు.
ఇమాంట్స్ తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి
గుమ్మంలో నిలబడి
పైబల్ల మీద తన చోటు ఆక్రమించిన పంటని చూసి
"వీటికి చెమట పట్టిందా?" అని అడిగి
చెరువుకి పోయి
పళ్ళు కటకటలాడుతూ తిరిగొచ్చాడు.

పక్కింటి ఆస్ట్రా పరీక్ష చెప్పింది:
గోరు దిగితే పచ్చి.
సుత్తి కింద అప్పచ్చిలా అణిగినా పచ్చే.
పగిలి గోడకి ఎగిరిందా, ఎండినట్టు.
మేం కొట్టింది ఎగిరి
ఆవిడ కాఫీకప్పులో పడింది.
అయితే అయినట్టే, అంది.

తీగల్ని పిండిసంచిలో కుక్కి మూతి కట్టి
కొత్త మేజోళ్ళతో ఎక్కి తొక్కాను.
గాలి వీచిన మధ్యాహ్నం చూసి
ఎత్తిన బేసిన్లోంచి కింది బేసిన్లోకి వదిలాను.
పొట్టు ఆస్ట్రా గులాబీల మీదికి,
గింజలు నాకు.
ఆ తర్వాత బల్ల మీద, దీపం కింద,
గుండుసూది మొనంత కన్నం ఉన్నవి ఏరివేత.
మిగిలినవి నాలుగు రోజులు ఫ్రీజర్లో:
లోపల దాక్కున్న పురుగేదైనా ఉంటే
నిద్రలోనే పోనీ.

ఆరు సీసాలు నిండాయి.
ఐదింటి మీద సంవత్సరం రాశాను,
ఆరోదాని మీద "విత్తనం".

అక్టోబరులో గున్వాల్డిస్ పోయాడు.
బస్సు దిగి, ఇంటికి నడుస్తూ, దారిలోనే.
ఇమాంట్స్ కంచెకి మేకులు కొట్టాడు,
ఆ రోజే, వంద దాకా.

క్రిస్మస్ ముందు రాత్రి
మొదటి సీసా నానబెట్టాను.
పొద్దునకి గింజలు రెండింతలై
గిన్నె అంచు దాటి చూస్తున్నాయి.
ఉడికించి, ఉల్లిపాయతో
పొగబెట్టిన పందికొవ్వుతో వేయించి
పక్కన మజ్జిగ పెట్టాను.
ఈ దేశంలో పిల్లలకి చెప్పే మాటే:
పళ్ళెంలో వదిలిన ప్రతి బఠాణీ
వచ్చే ఏడు కార్చాల్సిన కన్నీటిబొట్టు.
ఇమాంట్స్ అన్నీ తిన్నాడు.
అంచుకి అంటుకున్న దాన్ని కూడా వేలితో తీసి తిన్నాడు.
తర్వాత చాలాసేపు
అలమరవైపు చూస్తూ కూర్చుని

"మరి ఆ ఆరో సీసా?
అది ఎవరూ తినలేదు కదా" అన్నాడు.

నాకు జవాబు తట్టలేదు.
నిజమే, తినకుండా మిగిల్చాం.
కావాలనే, మంచివి ఏరి మరీ మిగిల్చాం.
అవి కూడా తినేస్తే
వచ్చే క్రిస్మస్‌కి
తినడానికీ ఏమీ ఉండదు,
ఏడవడానికీ.
అదే అన్నాను, ఇంత చక్కగా కాదు,
పళ్ళేలు కడుగుతూ, తడబడుతూ.

ఆయన లేచాడు.
పొయ్యి పక్క ఉక్కగా ఉంది, చల్లని కొట్లో పెడతానన్నాడు.
ఆరో సీసాని రెండు చేతులా పట్టుకుని
చీకటి నడవలో
ఒక్కో అడుగూ చూసి వేస్తూ వెళ్ళాడు,
మూత బిగించిన ఎండు గింజల్ని
నిండు నీళ్ళలా
ఒలక్కుండా.