చివరి మడి

షెఫీల్డ్‌లో నవంబరు. తెల్లారకముందే ట్రాము
కొండెక్కుతూ కీచుమంటుంది.
ఆ చప్పుడుకి స్టానిఫోర్త్ గుర్తొస్తాడు,
పంతొమ్మిదేళ్ళు ఆ బండి నడిపినవాడు.

అతని కణత మీది ధమనిని విడదీసి,
పుర్రెకు కిటికీ కోసి,
మెదడు మీది నాళానికి కుట్టాను.
వెంట్రుక కన్నా సన్నని దారం, పన్నెండు కుట్లు.
తెర మీద నెత్తురు తెల్లగా దాటడం చూసి
గదిలో అందరం ఒక్కసారే ఊపిరి వదిలాం.
మాట తిరిగొచ్చింది. చెయ్యి లేచింది.
తొమ్మిదోరోజు
చెవి పైన, కోత అంచున
గోరంత నలుపు.

మెదడుకిచ్చిన నీళ్ళు
చర్మం నోటి దగ్గర లాక్కున్నవే కదా.

"మాట్లాడుతున్నాగా డాక్టరమ్మా, ఈ పుండుదేముంది"
అన్నాడు. ఆ మంచితనమే నన్ను పడుకోనివ్వలేదు.
తొడ చర్మం తెచ్చి అతికినచోట జుట్టు మొలవలేదు.
టోపీ పెట్టుకుని ఇప్పుడు
వెనక సీట్లో ప్రయాణికుడిగా కూర్చుంటాడు.

మా మేనమామ కాలువ లస్కరు.
తూము తాళాలు మొలతాడుకు కట్టుకు తిరిగేవాడు.
హెడ్డు దగ్గర నీళ్ళు చూసి మురిసిపోయే ఇంజనీర్లని
సైకిలెక్కించుకుని చివరి మడికి తీసుకుపోయేవాడు.
"ఇక్కడ నేల నెర్రెలిచ్చిందా లేదా,
అది రాసుకోండి ముందు."

ఇవాళ బల్ల మీద మేవిస్ హెప్‌వర్త్.
నలభై ఏళ్ళు ఊరి జుట్టు కత్తిరించిన చెయ్యి
నెల్లాళ్ళుగా కత్తెర జారవిడుస్తోంది.
నిన్న నా వేలు పట్టుకుని తన తలంతా తిప్పింది:
ఇక్కడ సుడి, ఇక్కడ పలచన,
ఇది చిన్నప్పుడు బొగ్గుపార తగిలిన మచ్చ,
మచ్చకవతల నెత్తురు సరిగా ఆడదు, చూసుకో.

డాప్లర్ చుయ్‌చుయ్‌మంటుంటే
ధమని వంకరలన్నీ ఊదా సిరాతో గీశాను.
రెండు పాయల్లో వెనకది చాలు,
ముందుది చర్మం వంతుకి వదిలేశాను.
కోతని మచ్చకి దూరంగా మళ్ళించాను.
కాల్చే పటకారు ఊరికే దగ్గరికొస్తుంటే తోసేశాను,
వెంట్రుక మొదలు కాలితే ఇక అంతే.
"తడిగుడ్డతో అదిమి పట్టుకో టామ్సిన్, నాలుగు నిమిషాలు,
గడియారం వంక చూడకు."

మూసే వేళకి అందరికీ ఆకలి, అందరికీ తొందర.
నాకు భయం మొదలయ్యేదీ అప్పుడే.
బరువంతా లోపలి పొరతో మోయించి
పైచర్మాన్ని ఊరికే పక్కపక్కన కూర్చోబెట్టాను.
పాలిపోయినచోట కుట్టు విప్పి, మళ్ళీ వదులుగా.
రెండుచోట్ల విప్పాను.
కట్టు కింద రెండు వేళ్ళు దూరాలి.
కళ్ళజోడుకి ఆ వైపు కాడ పీకించాను.
ఒంటికాడ జోడు ముక్కు మీద నిలబెట్టుకుని
వారమంతా గళ్ళనుడికట్టు నింపింది మేవిస్.

తొమ్మిదోరోజు నాకు డ్యూటీ లేదు. వెళ్ళాను.
కోత అంచుని వేలితో నొక్కితే తెల్లబడింది.
వదిలాను. ఒకటి, రెం—
గులాబీ రంగు పరుగున వచ్చింది.

మేనమామా,
తడిసింది.

మేవిస్ అద్దం దించి నావైపు తిరిగింది.
నా జడ కొస రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి,
"మొదళ్ళు బాగానే ఉన్నాయి పిల్లా,
చివర్లే ఎండబెట్టుకున్నావు.
నేను కత్తెర పట్టిన రోజున కబురు పెడతాను, రా."