హద్దు తొమ్మిదొందలు

నన్నెవరూ మీరు అనరు.
సంగడిగుంటలో జాకెట్లు కుట్టించుకునే వాళ్ళందరికీ
నేను మస్తాన్‌బీని, ఏయ్ మస్తాన్‌బీని,
శుక్రవారానికి ఇస్తావా చస్తావా అనిపించుకునేదాన్ని.
ఫోనొక్కటే, ఏప్రిల్ పన్నెండు మధ్యాహ్నం,
చంక కొలత రాసుకుంటుంటే
ఎంతో మర్యాదగా మోగింది:
మీరు ఇదే తీరున వాడితే
ఈ నెల కరెంటు బిల్లు పదమూడొందల నలభై.
మీరు పెట్టుకున్న హద్దు తొమ్మిదొందలు.

హద్దు పెట్టింది నేనే, కాదనను.
ఎదురింటి ఖాసింవలి కూతురు నా ఫోను తీసుకుని
ఎంత పెట్టమంటావు ఖాలా అంటే
ఎంత కాలుతుందో చెప్పలేదు,
ఎంత కట్టగలనో చెప్పాను.

కానీ ఇంకా గడవని నెలకి బిల్లేంటి?
పద్దెనిమిది రోజులు ముందే ఉన్నాయి.
ఎసరు మరగకముందే
మాడు వాసన కొట్టినట్టుంది.

ఏం వాడానని?
మిషను మోటారు. రెండు ఫ్యాన్లు,
ఒకటి తిరిగేది, ఒకటి ఊగేది.
పెరుగు పులియకుండా చూసే ఫ్రిజ్జు.
కూలరు పగలు ముట్టను,
మిర్చి యార్డు నుంచి మా ఆయన వచ్చాకే.
టిక్కీలు మోసిన మనిషి
మజ్జిగలో చేతులు ముంచి
కూలరు ముందు చాపుకుని కూచుంటాడు.
ఆ గాలికి లెక్క కట్టే ధైర్యం నాకు లేదు.

ఆ రాత్రి అన్నీ ఆపేశాను.
మెయిను కాదు. ఒక్కొక్క స్విచ్చూ, ఒక్కొక్క ప్లగ్గూ.
ఉడికిపోయే చీకట్లో
మెట్ల కింద మీటరు ముందు చతికిలబడ్డాం ఇద్దరం.
ఎర్రచుక్క.
ఇక ఆగుతుందని చూశాం.
కొట్టుకుంది.
కాసేపాగి
మళ్ళీ కొట్టుకుంది,
తాళం వేసిన ఇంట్లో ఎవరో కంచం ముందు కూర్చున్నట్టు.

ఫోను లైటు వేసి తీగె వెంబడి పోయాం.
సున్నం కింద దూరి, బాత్రూం కిటికీ మీదుగా
పిట్టగోడెక్కి
డాబా మీద రేకుల గదికి.
తలుపు తీసే ఉంది.
జోయెలు, అన్నం ప్యాకెట్లు మోసే కుర్రాడు,
ఆ చదరపు సంచీ మీదే తల పెట్టి పడుకున్నాడు.
గడ్డం కింద హెల్మెట్ పట్టీ గీత ఇంకా పోలేదు.
పక్కన స్కూటరు బ్యాటరీ
పచ్చ లైటు వేసుకుని
మా ఇంటి కరెంటు తాగుతోంది.

పీకబోయాను.
మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.
తెల్లారనీ, పొద్దున్నే ఆర్డర్లుంటాయి, అన్నాడు.
ఆ చేతి మంట నా చేతికంటుకుంది.
రెండుసార్లు సబ్బుతో కడిగినా
పొద్దుటిదాకా వదల్లేదు.

పొద్దున అడిగితే వాడు బిత్తరపోయాడు.
కరెంటుకని నెలకి ఐదొందలు
ఓనరుకి విడిగా కడుతున్నానాంటీ!
ఫోను తీసి చూపించాడు కూడా, మూడు నెలలవీ.

శేషుబాబు గారు బ్రష్షు నోట్లోంచి తీయకుండానే
నా మెసేజీ చదివారు.
ఇది అంచనాయే కదమ్మా, అసలు బిల్లు రానీ, చూద్దాం.
అసలు వచ్చాక చూసేది ఆయన,
కట్టేది నేను.
ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్నాను.
గుడ్డ కత్తిరించాక కొలత చెబితే ఏం లాభం?
అన్నానో అనుకున్నానో గుర్తులేదు గానీ
ఆయన నోరు కడుక్కోడానికి లోపలికెళ్ళి
మళ్ళీ బయటికి రాలేదు.

ఇక జోయెలు ఆ ఐదొందలూ నాకే ఇస్తున్నాడు.
ఓనరు ఊరుకుంటాడా, ఖాళీ చెయ్యమంటాడా, చూడాలి.
పాత మూడు నెలల సంగతి ఎవరూ ఎత్తడం లేదు,
నేను తప్ప.

ఖాసింవలి కూతుర్ని పిలిచి
హద్దు పద్నాలుగొందలు చేయించాను.
హద్దు జరిపినంత తేలిగ్గా
డబ్బు జరగదనుకోండి.

నిన్న మళ్ళీ మోగింది.
అంచనా పదమూడొందల ఎనభై.
మీరు మీ హద్దులోనే ఉన్నారు.

మీరు అంటే
నా ఒక్కదానికే మర్యాద అనుకున్నాను ఇన్నాళ్ళూ.
లెక్కపెట్టి చూస్తే ముగ్గురం,
ఫ్రిజ్జులో వాడి నీళ్ళసీసా కాక.