సీపీ, అడ్డగీత, ఆర్

షట్టరు సగం దించినంక వచ్చిండు వహీదుల్లా సాబ్.
వంగి, షట్టరు కిందికెల్లి
ముందు టోపీ, తర్వాత ముఖం,
ఆఖరుకు రెండు చేతుల నడుమ
కర్చీఫుల చుట్టిన హార్డ్ డిస్కు,
రెక్క విరిగిన పావురాన్ని తెచ్చినట్టు.

"ఛత్తా బజార్ల కార్డుల ప్రెస్సు మాది.
ఇర్వై ఏండ్ల లగ్గాలున్నయి దీంట్ల.
పొద్దటి నుంచి టిక్కు టిక్కుమంటున్నది, బేటా."

కేబులు తగిలించిన.
నల్లతెర మీద డాలరు గుర్తు పక్కన
తెల్లముక్క ఆరి వెలుగుతున్నది.
బొమ్మల్లేవు, మౌసుతోని పని లేదు.
అద్దాలు ముక్కు మీదికి జరుపుకొని
"ఏం రాయాలె?" అన్నడు.
రాసుడే ఎరిగిన మనిషి గద.

సీపీ. ఒక ఖాళీ. ఎక్కడి నుంచి. ఒక ఖాళీ. ఎక్కడికి.
అంతే సాబ్, ఉత్తరం మీద
ఫ్రం అడ్రసు, టూ అడ్రసు ఉన్నట్టు.
కాకపోతే సంచిని చూపిస్తే ఇది ముట్టదు,
"డైరెక్టరీ, వదిలేస్తున్న" అని పక్కకు తప్పుకుంటది.
అడ్డగీత పెట్టి ఆర్ అనాలె.
అప్పుడు సంచిల సంచి, దాంట్ల ఇంకో సంచి,
అడుగున నలిగిన ఒక్క చీటీ దాక
చెయ్యి పెట్టి దేవుతది.

మొదటి పేరుకే తగువు.
'షాదీ కార్డులు' అని పెట్టిండంట
ఆపరేటర్ పెంటోజీ, నడుమ ఖాళీ విడిచి.
మిషనుకు వాళ్లు ఇద్దరు.
షాదీ ఎవరో తెల్వదన్నది.
కార్డులు ఎవరో తెల్వదన్నది.
అటొక కొటేషన్ గుర్తు, ఇటొకటి,
కొంగుముడి వేసినట్టు బిగించిన.
నవ్విండు సాబ్.
"తెలుగు కార్డుల మీద ఆ ముడి బొమ్మ
నేనే గీసిన," అన్నడు.

లోపల పేర్లు వరుసకు కదిలినయి:
కొత్తవి, కొత్తవి రెండు, ఫైనల్,
ఫైనల్ ఫైనల్, కసంసే ఫైనల్.
ఆ తర్వాత సడి లేదు.

"నడుస్తున్నదా?"
"నడుస్తున్నది."
"ఏం చెప్తలేదు గద."
"తప్పయితేనే మాట్లాడుతది సాబ్."
జెరసేపు ఊకుండి,
"మా ఉస్తాద్ గిట్లనే," అన్నడు.

చాయ్ తాగొచ్చేవరకు అయింది.
జాబితా తీసి చూపిన.
ఆయన వేలు తేదీల కాడ ఆగింది.
"పద్దెనిమిది వేల కార్డులు, బేటా,
అన్నీ ఇయ్యాల రాత్రే కొట్టినమా?"

సిగ్గయింది. పీ మర్చిన.
అది పెట్టకపోతే
నకలుకు నకలు పుట్టిన ఘడియే పుట్టినరోజు,
అసలు వయసుతోని దానికేం పని.

మల్ల మొదటి నుంచి. ఆర్, పీ.
ఈసారి రెండువేల మూడు రెండువేల మూడులనే ఉన్నది.
ప్రెస్సుల మోకాలి మంటి నీళ్లొచ్చిన ఏడు
ఆ ఏట్లనే ఉన్నది.

పదకొండు దాటినంక మాట్లాడింది మిషను.
మూడే లైన్లు. మూడు ఫైళ్లు చదువ వస్తలేవని.
పేర్లు చదివి వినిపించిన.
ఒకటి యాదికి లేదన్నడు.
ఇంకోటి బాకీ ఎగ్గొట్టినోళ్లది, పోనియ్యి అన్నడు.
మూడోదానికి కండ్లు మూసుకున్నడు:
పిల్ల పేరు, తండ్రి పేరు, తాత పేరు,
టోలీచౌకిల ఫంక్షన్ హాలు,
ఇషా నమాజు తర్వాత విందు,
కింద ఎడమ మూలకు సన్నగ
'పిల్లలను తప్పక తీసుకొని రండి.'
"ఆ ఆఖరు వరుస ఇంకెవ్వరు రాయించలే," అన్నడు.
ఖాళీ ఫైలు తెరిచి
చెప్పింది చెప్పినట్టు కొట్టిన.

కొత్త డిస్కు మీద అంటించెతందుకు
తెల్లచీటీ, బాల్‌పెన్ను ఇచ్చిన.
పెన్ను పక్కకు పెట్టిండు.
జేబుల నుంచి వెదురు కలం, వాలుగ కోసిన కొన,
వేలంత సిరాబుడ్డి.
కుడి నుంచి ఎడమకు నాలుగు మాటలు.
పద్దెనిమిది వేల ఫైళ్లు రెండుసార్లు కదిలిన రాత్రి,
ఆ నాలుగు మాటలకు నా రెండో చాయ్ చల్లారింది.

పాతదాన్ని కర్చీఫుల చుట్టి
కుర్తా జేబుల వేసుకున్నడు.
కొత్తది సంచిల పెట్టుమంటే పెట్టలే.
తడి ఆరలేదని
అంచులు పట్టుకొని, ఊదుకుంట,
పార్క్‌లేన్ మలుపు దాక, ఆటో దాక
అట్లనే నడిచిండు.